ఏటిగట్టు ఇల్లు: నీళ్ళు వచ్చేది పెరటి దారిన

సముద్రం ఒడ్డున ఓ మాదిరి పట్నం, దాన్ని ఆనుకుని ఏటి పక్కన నాలుగైదు వీధుల చిన్న పేట. ఇలాంటి చోట ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ముందుగా గట్టెక్కి ఏటిని చూస్తారు. గట్టు ఎంత ఎత్తుందో కంటితో కొలుచుకుని, ఇంకేం భయం లేదనుకుని దిగిపోతారు. ఏరు గట్టు దాటి ఇంట్లోకి రావడం ఎప్పుడో కానీ జరగదు. వీధి కాలవ వెనక్కి తన్నడం, నేలలోంచి ఊట పైకి ఎక్కడం, బోరు ఉప్పు తిరగడం, గోడ పొడి రాలడం మాత్రం ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటాయి. ఇంటిని నిదానంగా తినేసేవి ఇవే. కాబట్టి గట్టుకి వీపు పెట్టి పేట వైపు తిరిగి చూడటం నేర్చుకోవాలి.

ముందు పోటూ (నీరు ఎక్కడం) పాటూ (నీరు దిగడం) లెక్క తెలియాలి. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ ఉదయం 6 గంటలకి పోటు నిండితే, రేపు ఉదయం దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా నిండుతుంది. కొన్ని తీరాల్లో రోజుకి ఒక్క పోటే వస్తుంది. ఆ సంగతి పోటు పట్టిక తిరగేస్తే తెలిసిపోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటి రెండు రోజుల తర్వాత పెద్ద పోట్లు, అష్టములు దాటాక చిన్న పోట్లు. పట్టికలో ఉండే సమయం రేవు దగ్గరిది. ఏట్లో పైకి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. ఒక రోజు గట్టున కర్ర పాతి గీతలు పెట్టుకుని గడియారం చూసుకుంటే, రేవుకీ మన పేటకీ తేడా ఎంతో దొరుకుతుంది. ఇంకో సంగతి: ఏట్లో నీరు గబగబా ఎక్కుతుంది, నిదానంగా దిగుతుంది. ఎక్కడానికి 5 గంటలు పడితే దిగడానికి 7 గంటలు పట్టొచ్చు. కాలవలు ఖాళీ అవ్వాల్సింది ఆ దిగే వేళలోనే.

ఎత్తుల దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. పోటు పట్టికలో ఎత్తుల్ని కొలిచేది రేవు పటం సున్నా నుంచి. అది సుమారుగా అతి తక్కువ పాటు మట్టం. స్థలం ఎత్తు మాత్రం సాధారణంగా సగటు సముద్ర మట్టం నుంచి చెబుతారు. రెండు సున్నాలూ వేరు. పట్టికలో ఇవాళ్టి పోటు 1.8 మీటర్లని ఉండి, అదే పట్టిక ప్రకారం ఆ రేవులో సగటు మట్టం 1.0 మీటరైతే, స్థలం లెక్కలో ఆ పోటు 0.8 మీటర్లే. ఈ తీసివేత మర్చిపోయి 1.5 మీటర్ల ఎత్తున్న స్థలం రోజూ మునుగుతుందని బెంబేలెత్తిపోవడం మామూలే.

ఎండ రోజు పరీక్ష

వారం పైగా వాన లేని రోజు, పెద్ద పోటు ఉన్న రోజు చూసుకుని, పోటు నిండటానికి అరగంట ముందు పేటలోకి వెళ్ళండి. ఏటి వైపు కాదు, పేటలో అన్నిటికన్నా పల్లపు వీధిలోకి. కాలవ జాలీ దగ్గర నిలబడి నీళ్ళలో ఒక ఎండుటాకు వెయ్యండి. ఆకు ఏటి వైపు పోతే సరే. అక్కడే ఆగిపోతే, ఏటి మట్టం కాలవ మట్టాన్ని అందుకుందన్నమాట. ఏటి వైపు నుంచి ఇళ్ళ వైపు కదిలిందా, కాలవ ఏట్లోకి తెరుచుకునే తూము తలుపు పని చెయ్యట్లేదు. జేబులో ఒక టీడీఎస్ మీటరు (లీటరు నీటిలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో చూపించేది) ఉంటే ఇంకా మేలు. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది; ఇళ్ళ మురుగులో మామూలుగా 1 గ్రాము కూడా ఉండదు. మీటరు 5,000 దాటి చూపిస్తే అది ఏటి నీరే. చవక మీటర్లు 9,990 దాటితే చేతులెత్తేస్తాయి. అప్పుడు కూడా జవాబు అదే. ఏరు వరద మీద ఉన్న రోజుల్లో మాత్రం ఈ ఉప్పు పరీక్ష పనికిరాదు, అప్పుడు ఏట్లో ఉండేదీ మంచినీరే.

తూము చివర, ఏటి వైపు, పైన కీలున్న ఇనప తలుపో, బాతు ముక్కులాంటి రబ్బరు మూతో ఉంటుంది. కాలవ నీరు తోస్తే తెరుచుకుంటుంది, ఏటి నీరు తోస్తే మూసుకుంటుంది. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. చెడిపోయే కారణాలు కూడా అంత సాదాగానే ఉంటాయి: కర్రముక్క అడ్డం పడటం, ప్లాస్టిక్ సంచి మడతపడి ఇరుక్కోవడం, కీలు తుప్పుపట్టి బిగుసుకోవడం, తలుపు ఆనే అంచు మీద గుల్లలు పెరగడం. చిన్న సందే కదా అని వదిలెయ్యకూడదు. 600 మిల్లీమీటర్ల గొట్టం నోటికి చుట్టూ 10 మిల్లీమీటర్ల సందుండి, అవతల నీరు అర మీటరు ఎత్తు ఎక్కువుంటే, సెకనుకి సుమారు 35 లీటర్లు లోపలికొస్తాయి. పోటు మీదున్న మూడు గంటల్లో 350 ఘనపు మీటర్ల పైచిలుకు. పల్లపు వీధిని చీలమండల దాకా నింపడానికి అది చాలు.

తలుపు బాగుంటే కథ ముగిసిందా అంటే, లేదు. తలుపు మూసుకున్నంతసేపూ వాన నీరు కూడా బయటికి పోదు. 10 హెక్టార్ల పేట మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 ఘనపు మీటర్ల నీరు. సగం ఇంకినా 2,500 మిగులుతుంది. అదంతా 2 హెక్టార్ల పల్లంలోకి చేరితే 12 సెంటీమీటర్ల పైన నిలుస్తుంది. పోటు, వాన ఒకేసారి రావడమే అసలు గండం. అందుకే ఇలాంటి పేటలకి నీరు నిలవడానికి ఒక గుంటో చెరువో కావాలి, లేకపోతే పంపు కావాలి. ఖాళీగా ఉన్న పల్లపు స్థలాలే చాలాచోట్ల ఆ చెరువు పని చేస్తుంటాయి, ఎవరూ చెప్పకుండానే. వాటిని ఒక్కొక్కటే మెరక చేసి ఇళ్ళు కట్టేకొద్దీ, నిన్నటిదాకా పొడిగా ఉన్న ఇంట్లోకి నీళ్ళొస్తాయి. ఇల్లు చూసేటప్పుడు పక్కన ఎన్ని పల్లపు స్థలాలు మిగిలాయో కూడా లెక్కపెట్టాలని చెప్పేది ఇందుకే.

ఇంటి లోపలి మురుగు గొట్టానికీ ఇదే లెక్క. వీధిలో మనకి ఎగువనున్న మ్యాన్‌హోలు మూత ఎత్తుతో స్నానాలగది జాలీ ఎత్తును పోల్చండి. జాలీ దిగువనుంటే, వీధి గొట్టం నిండిన రోజున మురుగు మూత దాటి రోడ్డు మీదికి పొంగకముందే మన స్నానాలగదిలో తేలుతుంది. దీనికి మందు నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీటిని ఒకవైపే పోనిచ్చేది. పెట్టే చోటే తేడా చేస్తారు. ఇల్లంతటి గొట్టానికీ కలిపి ఒకే వాల్వు పెడితే, అది మూసుకున్న వేళ మేడ మీద ఎవరో స్నానం చేసిన నీరు బయటికి పోలేక కింది జాలీలోంచి పొంగుతుంది. ఏరు చెయ్యని పని మనమే చేసుకున్నట్టవుతుంది. మ్యాన్‌హోలు మూత కన్నా దిగువనున్న జాలీల కొమ్మకి మాత్రమే వాల్వు పెట్టాలి; పై అంతస్తు గొట్టం వాల్వు దాటాక కలవాలి. వాల్వు మీద బాణం గుర్తుంటుంది, నీరు బయటికి పోయే దిక్కుకి తిప్పి బిగించాలి. చెయ్యి పట్టేంత గదిలో పెట్టి, ఆరు నెలలకోసారి మూత తీసి వెంట్రుకలు, జిడ్డు తీసెయ్యాలి. సిమెంటు పోసి పూడ్చేసిన వాల్వు ఉన్నా లేనట్టే.

మట్టాలు కొలవడం

దీనికి సర్వేయరే రావాలని లేదు. 10–12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న పారదర్శక గొట్టం 15 మీటర్లు చాలు. బకెట్టు ఎత్తులో పెట్టి, గొట్టం ఒక కొస నీళ్ళలో ముంచి, రెండో కొస నుంచి పీల్చి వదిలితే గొట్టం నిండుతుంది. మధ్యలో ఒక్క బుడగున్నా కొలత తప్పుతుంది, గొట్టాన్ని వేలితో తట్టి బుడగలన్నీ పోగొట్టాలి. రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీరు ఒకే మట్టంలో నిలిచిందో లేదో చూసుకున్నాకే కొలత మొదలుపెట్టాలి. గొట్టం సగం ఎండలో, సగం నీడలో పరిస్తే వేడెక్కిన వైపు నీరు తేలికై కొంచెం ఎత్తు చూపిస్తుంది. పొద్దున్నే చేసుకోవడం మంచిది. దూరం ఎక్కువుంటే అంచెలంచెలుగా కొలుచుకుంటూ పోవాలి.

కొలవాల్సినవి: ఇంటి లోపలి నేల, వీధి మధ్యభాగం, దగ్గరి కాలవ జాలీ, పక్కిళ్ళ గడపలు, గట్టు పైభాగం, గట్టు రాళ్ళ మీద పెద్ద పోటు వదిలిన తడి గీత. ఇంటి నేల, తెలిసిన పెద్ద ముంపు కన్నా 30 నుంచి 50 సెంటీమీటర్లు పైనుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. వీధి కన్నా దిగువనుంటే ఎంత అందమైన ఇల్లయినా రెండోసారి ఆలోచించాలి. పాతింట్లో ఇది తరచుగా కనిపిస్తుంది, కట్టినవాళ్ళ తప్పు కాదు. పాత రోడ్డును గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తే ప్రతిసారీ 30–50 మిల్లీమీటర్లు లేస్తుంది. ఆరేడు పొరలు పడేసరికి వీధి జానెడు పైకొచ్చి, ఒకప్పుడు మెట్టెక్కి వెళ్ళిన గడప ఇప్పుడు మెట్టు దిగి వెళ్ళేదవుతుంది.

ముంపు ఎంతదాకా వచ్చిందో గోడలే చెబుతాయి, చూసే ఓపికుంటే. తలుపు చట్రాల అడుగున చెక్క మెత్తబడటం, బీరువాల వెనక గోడ మీద అడ్డంగా ఒండ్రు గీత, గోడకి మూడడుగుల ఎత్తుదాకానే కొత్త రంగు, కరెంటు మీటరు మాత్రం భుజం ఎత్తుకి మార్చి ఉండటం. ఇవి ఊరికే జరగవు. చుట్టుపక్కలవాళ్ళని అడిగేటప్పుడు ‘నీళ్ళొస్తాయా?’ అని అడిగితే ‘అబ్బే’ అనే జవాబే వస్తుంది. అమ్మేవాళ్ళ ముందు ఇంకోలా ఎవరంటారు? ‘పోయినసారి ఎంతదాకా వచ్చాయండీ? ఎటువైపు నుంచి వచ్చాయి? ఎన్నాళ్ళున్నాయి?’ అని అడగండి. మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. రెండు గంటలుండి పోయిన ముప్పై సెంటీమీటర్ల నీరు వేరు, నాలుగు రోజులు కదలకుండా నిలిచిన పది సెంటీమీటర్ల నీరు వేరు. రెండోదే గోడల్ని ఎక్కువ పాడుచేస్తుంది.

‘నూరేళ్ళ వరద’ అన్న మాట విని నూరేళ్ళకోసారి వస్తుందనుకోకూడదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి 1 అని దాని అర్థం. ముప్పయ్యేళ్ళు ఆ ఇంట్లో ఉంటే ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి 26. ‘ఇరవయ్యేళ్ళ వరద’కైతే అదే లెక్కన నూటికి దాదాపు 79.

ఏరు, మొగ, గట్టు

తుపాను వేళ సముద్రమట్టం లేవడానికి గాలి తోపుడు ఒక కారణం, గాలి ఒత్తిడి తగ్గడం ఇంకో కారణం. ఒత్తిడి 1 హెక్టోపాస్కల్ పడిపోతే నీరు సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. 1013 నుంచి 980కి పడితే, గాలి సంగతి పక్కన పెట్టినా, 33 సెంటీమీటర్లు. దానికి పెద్ద పోటు తోడై, ఎగువ వానల వరద కూడా అదే వేళకి దిగితే ఏటికి పోయే దారుండదు. మూడూ విడివిడిగా వస్తే ఏదీ పెద్ద లెక్కలోది కాకపోవచ్చు. ప్రపంచ సగటు సముద్రమట్టం 1901 నుంచి 2018 లోపు దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. పాత తూములు పాత మట్టానికి పెట్టినవి. జానెడు తేడాతో పారిన కాలవకి ఆ జానెడే ఇప్పుడు లేకుండా పోయింది.

మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ విషయం బయటివాళ్ళకి తట్టదు. ఏట్లో నీరు తగ్గిన కాలంలో అలలు ఇసుకను తోసుకొచ్చి మొగను ఇరుకు చేస్తాయి, చిన్న ఏళ్ళకైతే పూర్తిగా మూసేస్తాయి కూడా. అప్పుడు ఏరు చెరువైపోతుంది. పోటూ పాటూ ఉండవు, మట్టం మాత్రం వారాల తరబడి అంగుళం అంగుళం ఎక్కుతుంది. మొదటి వాన ఆ నిండు చెరువులో పడుతుంది. దిబ్బని తవ్వి తెరిస్తే నీరు విరుచుకుని బయటికి పోతుంది, పోతూ పోతూ గట్ల కాళ్ళు కోస్తుంది. ఎప్పుడు తెరవాలన్నది లెక్క ప్రకారం తేల్చాల్సిన పని. పారలు పట్టుకుని ఎవరికి వారు చేసే పని కాదు.

గట్టు విషయంలో ఏటి వంపు చూడాలి. వంపు బయటి ఒడ్డున నీరు వడిగా కొట్టి కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. దృశ్యం బాగుండేది చాలాసార్లు బయటి ఒడ్డునే! గట్టు కూలేది వరద నిండుగా ఉన్నప్పుడనుకుంటారు కానీ, ఎక్కువసార్లు వరద గబగబా తీసినప్పుడే కూలుతుంది. మట్టి నిండా నీరుంటుంది, ముందువైపు నుంచి ఆనుకుని నిలబెట్టిన ఏటి నీరు మాత్రం ఉండదు. గట్టుకి సమాంతరంగా నేలలో పగుళ్ళు, ఏటి వైపు వాలిన స్తంభాలు, మొదట్లో వంగి మళ్ళీ నిటారుగా పెరిగిన చెట్లు కనిపిస్తే, ఆ నేల కదులుతోందన్నమాట.

రాళ్ళు పేర్చిన గట్టు కూడా రెండు చోట్ల ఓడిపోతుంది. ఒకటి, కింద. పాటు బాగా దిగినప్పుడు వెళ్ళి రాళ్ళ అడుగున మట్టి కోసుకుపోయిందేమో చూడాలి. పై రాళ్ళు చక్కగానే కనిపిస్తుంటాయి. రెండోది, వెనక. రాళ్ళకీ మట్టికీ మధ్య కంకర పొరో, నీరు పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డో వెయ్యకపోతే, ప్రతి పోటుకీ సందుల్లోంచి కొంచెం కొంచెం మట్టి జారిపోతుంది. పైన గడ్డిలో కాలు దిగబడే గుంటలు కనిపించేదాకా ఎవరికీ తెలియదు. ఇక ఏటి అంచున మడచెట్లుంటే, చూపుకి అడ్డమని కొట్టించడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆ వేళ్ళు అల తాకిడిని విరిచి మట్టిని పట్టుకున్నంత బాగా రాళ్ళు పట్టుకోవు.

నేల కింద

మొగ దగ్గరి నల్లటి బురద నేలల్లో ఇనుమూ గంధకమూ కలిసిన పైరైటు ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం దాని జోలి ఎవరికీ అక్కర్లేదు. పునాదికో గొట్టానికో తవ్వి గట్టున పోస్తే గాలి తగిలి గంధకామ్లం పుడుతుంది. తవ్విన మట్టి ఎండేకొద్దీ దాని మీద గడ్డిపరక రంగు పసుపు మచ్చలు, కుళ్ళిన గుడ్డు వాసన, పక్క గుంటలో తుప్పు రంగు నీరు కనిపిస్తాయి. పీహెచ్ 4 కన్నా దిగువకి పోయే ఆ నీరు కాంక్రీటునీ జింకు పూసిన గొట్టాలనీ తింటుంది, వానకి కొట్టుకుపోయి ఏట్లో చేపల్ని చంపుతుంది. అనుమానముంటే ప్రయోగశాలకి ఇస్తే చాలు: మట్టికి మామూలు నీటితో ఒకసారి, హైడ్రోజన్ పెరాక్సైడుతో ఇంకోసారి పీహెచ్ చూస్తారు. పెరాక్సైడు పోశాక బుసబుస పొంగి పీహెచ్ 3 లోపుకి పడితే ఆ నేలని వీలైనంత తవ్వకపోవడమే మంచిది. తవ్వక తప్పకపోతే మట్టిలో సున్నపురాయి పొడి కలపాలి. ఎంత కలపాలో పరీక్షే చెబుతుంది, చేతి అంచనా సరిపోదు.

బోరు విషయానికొస్తే, తీరం నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు విడివిడిగా కనిపెట్టిన లెక్క ఒకటుంది: సముద్రమట్టం పైన మంచినీరు 1 మీటరు ఎత్తుంటే, దిగువన సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. తిప్పి చదివితే గుండె గుభేలుమంటుంది: పై మట్టం ఒక మీటరు తోడేస్తే, కాలక్రమంలో కింది ఉప్పునీరు 40 మీటర్లు పైకొస్తుంది. అందుకే నీళ్ళు చాలక లోతుగా వేసిన బోరే ముందు ఉప్పు తిరుగుతుంది. ఇక్కడ పనికొచ్చేది లోతు తక్కువ బావి, చిన్న మోటారు, ఎక్కువసేపు నెమ్మదిగా తోడటం. ఉప్పు పరీక్ష వానలు వెలిశాక చేస్తే ఏ బోరైనా పాసవుతుంది. ఎండాకాలం చివర, గంటసేపు తోడాక పట్టిన నీటికి చెయ్యాలి. కరిగిన ఉప్పులు లీటరుకి 1,000 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి రుచించదు. ఒకసారి ఉప్పు తిరిగిన బోరు మళ్ళీ తీపెక్కడానికి ఏళ్ళు పడుతుంది.

సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే చోట, గుంత అడుగుకీ ఊట మట్టానికీ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు, వీలైతే 1 మీటరు పొడి నేల ఉండాలి. పెద్ద పోటు రోజున ఊట మట్టం ఎక్కడుందో చూడటానికి, చేతి ఆగరుతో మీటరున్నర బొక్క వేసి, గొట్టం దింపి, మర్నాడు కొలిస్తే సరిపోతుంది. వాన రోజుల్లో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించడం ఇంకో పొరపాటు. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతున్న ట్యాంకును ఊట నీరు 4.5 టన్నుల బలంతో పైకి తోస్తుంది. కాంక్రీటు ట్యాంకు ఎలాగో నిలబడొచ్చు. ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులు గొట్టాలు తెంపుకుని పైకి తేలతాయి. సంపులకీ ఇదే వర్తిస్తుంది.

ఉప్పు, తుప్పు, చెమ్మ

ఏటి పక్క పేటలో గాలిలో ఉప్పు గురించి మితిమీరి భయపడతారు, నేలలో ఉప్పు గురించి అసలు పట్టించుకోరు. అలలు విరిగే చోటు నుంచి కొన్ని వందల మీటర్లు లోపలికి వస్తే గాలి ఉప్పు చాలా తగ్గిపోతుంది. అయినా కిటికీ చువ్వల్లో ముందు తుప్పు పట్టేవి వానకి తడిసేవి కావు, చూరు కింద పొడిగా ఉండేవే. వాన ఉప్పుని కడిగేస్తుంది. చూరు కింద కడిగేవాళ్ళుండరు. నెలకోసారి మంచినీళ్ళతో కడిగితే సగం బాధ తగ్గుతుంది. స్టెయిన్‌లెస్ కావాలనుకుంటే 304 రకం గోధుమ మరకలు పడుతుంది, మాలిబ్డినం కలిసిన 316 నిలుస్తుంది. స్టీలు రేకుకి అల్యూమినియం రివెట్లు కొట్టడం మాత్రం వద్దు. పెద్ద రేకు పక్కన చిన్న రివెట్టు, రెండూ తడిస్తే రివెట్టే కరిగిపోతుంది.

కాంక్రీటులో అసలు పట్టు ఊచ మీది కవరింగులో, అంటే ఊచని కప్పిన కాంక్రీటు మందంలో ఉంటుంది. నేలకి, ఉప్పునీటికి తగిలే చోట 45–50 మిల్లీమీటర్ల కవరు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 లోపు, స్లాగో (ఇనుప కొలిమి చిట్టెం) ఫ్లైయాషో (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటు, తగినన్ని రోజుల క్యూరింగు. కలపడానికి బోరు ఉప్పునీళ్ళు వాడితే ఇవన్నీ బూడిదలో పోసిన పన్నీరే. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఊచ పొడుగునా పగులు వస్తుంది. ఆ పగులు మీద సిమెంటు మెత్తి రంగేస్తే ఏడాదిలో పక్కన పగులుతుంది: మెత్తిన చోట ఊచ కుదుటపడి, ఆనుకునున్న పాత ఉప్పు కాంక్రీటులో తుప్పు ఊపందుకుంటుంది. సరిగ్గా చెయ్యాలంటే ఊచ వెనక 20–25 మిల్లీమీటర్ల దాకా చెక్కి, ఊచను మెరిసేలా శుభ్రం చేసి, ఉప్పు పట్టిన కాంక్రీటు మొత్తం తీసేసి నింపాలి.

గోడ అడుగున పొడి రాలడం ఊట చెమ్మ పని. నీరు ఇటుకలోంచి మీటరు దాకా ఎక్కుతుంది, ఆరిన చోట ఉప్పు స్ఫటికమై పూతని పగలగొడుతుంది. చాలామంది వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత కొట్టిస్తారు. దాంతో చెమ్మకి బయటికి పోయే దారి మూసుకుపోయి, పూత ముగిసిన చోటికి ఎక్కి అక్కడ రాలుతుంది. పునాది మట్టంలో చెమ్మ ఆపే పొర పెట్టకుండా, లేదా తెగిన చోట బాగుచెయ్యకుండా ఎన్ని పూతలు వేసినా ఇంతే. ఆ పని అయ్యేదాకా సున్నం పూత మేలు. అది రాలినా ఇటుకని కాపాడుతుంది.

మునిగిన ఇంటిని ఆరబెట్టడంలో తొందరపడేవాళ్ళే ఎక్కువ పోగొట్టుకుంటారు. కరెంటు మెయిను ఆపి, పరీక్ష చేయించేదాకా ముట్టుకోకూడదు. నేలమాళిగ ఉంటే నీళ్ళన్నీ ఒక్కరోజులో తోడెయ్యకూడదు. బయట నేల నానిపోయి ఉంటుంది, లోపల ఖాళీ అయితే గోడ లోపలికి విరుగుతుంది. రోజుకి మూడో వంతు చొప్పున తోడి, మర్నాటికి మట్టం మళ్ళీ ఎక్కిందేమో చూసుకుని ముందుకెళ్ళాలి. ఒండ్రు తడిగా ఉండగానే కడిగెయ్యాలి, ఎండితే గట్టిపడిపోతుంది. బూజు 24 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది కాబట్టి తడిసిన పరుపులు, జిప్సం పలకలు మొదటి రోజే బయటికి పోవాలి. పలకల్ని నీటి గీతకి 30 సెంటీమీటర్ల పైదాకా కోసెయ్యాలి. గోడ మందం అంగుళానికి నెల అన్నది పనివాళ్ళ వాడుక లెక్క. 9 అంగుళాల గోడ రెండు వైపులా గాలి తగిలినా నాలుగైదు నెలలు పడుతుంది. పైన తాకితే పొడిగానే అనిపిస్తుంది. జానెడున్నర పాలిథీన్ ముక్కని నాలుగు అంచులా టేపుతో గోడకి అతికించి ఒక రోజు వదిలెయ్యండి. చెమ్మ ముత్యాలు పాలిథీన్‌కి గది వైపు కడితే అది గది గాలిలోది, కిటికీలు తెరిస్తే పోతుంది. గోడ వైపు కడితే ఇంకో నెల ఆగి మళ్ళీ అతికించి చూడాలి, రంగు డబ్బా మూత అప్పటిదాకా తియ్యొద్దు.